టెడ్డీబేరుకు రంగు అద్దే ముందు



కుట్టు శిక్షణకు వెళ్ళివచ్చినవాళ్ళు టెడ్డీబేర్ బొమ్మలు చక్కగానే కుడతారు. చిక్కు వచ్చేది రంగు దగ్గర. తెల్ల బొచ్చు గుడ్డ సులువుగా దొరుకుతుంది, మనసుపడిన గోధుమరంగు దొరకదు. మనమే అద్దుకుంటే పోలేదా అనిపిస్తుంది. అద్దుకోవచ్చు. కానీ రంగు పొట్లం కొనేముందు ఆ గుడ్డ దేనితో తయారైందో తెలుసుకోవాలి. పోగుకు పట్టని రంగు గుడ్డలో ఉండిపోదు. పసిపిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా!

ఈ బొమ్మ పుట్టి నూట ఇరవై ఏళ్ళు దాటింది. 1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటకు వెళ్ళి, చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడు. ఆయన ముద్దుపేరే బొమ్మకు వచ్చింది. అదే కాలంలో జర్మనీలోని గీన్‌గెన్ ఊళ్ళో మార్గరెట్ స్టైఫ్ కంపెనీ కూడా ఎలుగుబంటి బొమ్మను తయారుచేసింది. పసితనంలోనే పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడిన ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుట్టుపనితో ఆ కంపెనీని నిలబెట్టింది. ఆ తొలి బొమ్మలకు వాడిన గుడ్డ మోహేర్ ప్లష్, అంటే అంగోరా మేక వెంట్రుకలు నిలువుగా నిలబడేట్టు నేసిన బట్ట. ఇవాళ మన బజారులో టెడ్డీ గుడ్డ పేరుతో దొరికేది ఎక్కువగా పాలిస్టరు, కొంత అక్రిలిక్.

ఏది ఏదో తెలుసుకోవడానికి నిప్పు పరీక్ష ఉంది. నాలుగైదు పోగులు పీకి, పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి మంటకు చూపాలి. ఇది ఆరుబయట, పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని, పెద్దవాళ్ళ ఎదుట చేయాల్సిన పని. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే అది ఉన్ని లేదా మోహేర్. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద వస్తే నూలు లేదా రేయాన్. కరిగి ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే పాలిస్టరు, అక్రిలిక్ వంటి సింథటిక్. పైనున్న బొచ్చును, వెనకనున్న నేతను విడివిడిగా పరీక్షించండి. రెండూ ఒకే రకం కావాలని లేదు.

కారణం మన రసాయన శాస్త్రంలోనే ఉంది. ఉన్ని ప్రోటీను. ఆమ్లంలో దానికి ధనావేశం వస్తుంది, రుణావేశమున్న యాసిడ్ రంగును అది లాక్కుంటుంది. అందుకే ఉన్నికి, మోహేర్‌కు వెనిగర్ కలిపిన నీళ్ళలో యాసిడ్ రంగు వేసి మెల్లగా వేడిచేస్తారు, మరిగించకుండా అరగంట ఉంచి అదే నీళ్ళలో చల్లారనిస్తారు. గబుక్కున వేడి నుంచి చల్లటి నీళ్ళలోకి తీస్తే ఉన్ని ముద్దకట్టుకుపోతుంది. మోహేర్ గుడ్డకు వెనక నేత నూలుదైతే, బొచ్చుకు రంగు బాగా పట్టినా వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది. కంగారు పడనక్కర్లేదు, అది బొమ్మ లోపలికే పోతుంది.

పాలిస్టరుకు ఇలా రంగును లాక్కునే గుణం లేదు. మిల్లుల్లో దానికి డిస్పర్స్ రంగులను మూసిన పాత్రల్లో, ఒత్తిడితో సుమారు 130 డిగ్రీల వేడి మీద ఎక్కిస్తారు. మన గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలకే మరిగిపోతాయి. పైగా ఆ వేడికి బొచ్చు చితికి అట్టకడుతుంది. నన్నడిగితే పాలిస్టరు గుడ్డను రంగుతో ఉన్నదే కొనుక్కోవడం మేలు.

మనకు అన్నిటికంటే అందుబాటులో ఉన్నది తెల్లటి కాటన్ టర్కీ టవలు. దానితో కుట్టిన ఎలుగుబంటి ముద్దుగా ఉంటుంది, ఉతకొచ్చు కూడా. దీనికి చన్నీళ్ళలో పనిచేసే రియాక్టివ్ రంగు కావాలి. గుడ్డను సబ్బుతో ఉతికి గంజి పోగొట్టాలి. కత్తిరించేది మాత్రం అద్దిన తరువాతే, ఎందుకంటే గుడ్డ కుంచించుకుపోతుంది. 100 గ్రాముల గుడ్డకు 3 లీటర్ల నీళ్ళు, 2 గ్రాముల రంగు, 150 గ్రాముల ఉప్పు తీసుకోండి. తడిపిన గుడ్డను అందులో వేసి అరగంట కలియతిప్పుతూ ఉండాలి. తరువాత 50 గ్రాముల సోడా యాష్‌ను విడిగా నీళ్ళలో కరిగించి, గుడ్డ మీద నేరుగా పడకుండా పోసి ఇంకో గంట ఉంచాలి. ఉప్పు రంగును పోగు వైపు నెడుతుంది, సోడా దాన్ని పోగుతో బంధిస్తుంది. ఎంత జాగ్రత్తగా చేసినా కొంత రంగు బంధం కలవకుండా మిగిలిపోతుంది. ముందు చన్నీళ్ళలో జాడించి, తరువాత సలసల కాగిన నీళ్ళలో రెండుమూడుసార్లు నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా తీయాలి. ఎరుపు, నలుపు రంగులకు ఇంకా ఓపిక కావాలి.

రంగు పొడి ముక్కులోకి పోతే ఉబ్బసం వంటి ఎలర్జీ రావచ్చు కనుక ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. రంగు గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు. మెస్ గిన్నె అడిగి తెచ్చుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి!

పసుపుతో అద్దితే పోదా అని ఎవరైనా అంటారు. పసుపు నోట్లోకి పోయినా భయం లేదు, నిజమే. కానీ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు కరక్కాయ, పటిక వాడేది రంగు గుడ్డను పట్టుకుని నిలవడానికే.

అమ్మే ఉద్దేశం ఉంటే పేరులేని చవక పొట్లాలు వద్దు. క్యాన్సర్ కారకాలను విడుదల చేసే 70 అజో రంగులను మన దేశం 1997లో నిషేధించింది. పొట్లం మీద వివరాలు లేకపోతే లోపల ఏముందో మనకు తెలిసే దారి లేదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతిపనివారికి ఇందులో మినహాయింపు ఇచ్చారు. అమ్మకం మొదలుపెట్టే ముందే ఆ నమోదు సంగతి చూసుకోండి.

కుట్టే ముందు ఒక పరీక్ష. తెల్ల నూలుగుడ్డను కాస్త ఉప్పు కలిపిన నీళ్ళలో తడిపి, అద్దిన ముక్కతో కలిపి చుట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి తెల్లగుడ్డకు రంగు అంటితే మళ్ళీ వేడినీళ్ళలో ఉతకాలి. అప్పటికీ అంటితే ఆ ముక్కతో కుట్టిన బొమ్మను అద్దాల బీరువాలో పెట్టుకోండి, పసిపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి.