మాల తీసిన మర్నాడు

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవారిలో మందు అలవాటున్నవాళ్లు తక్కువేం కాదు. భార్య ఏళ్ల తరబడి మొత్తుకున్నా, పిల్లల తల మీద ఒట్టు పెట్టించినా ఆగనిది, నల్లబట్టలు కట్టగానే ఆగుతుంది. 41 రోజులు చుక్క ముట్టరు. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీశాక, మర్నాడో మరో వారానికో చాలామంది మళ్లీ మొదలుపెడతారు. మనసుంటే మానగలడు, వాడికే ఇష్టం లేదు అని ఇంట్లోవాళ్లు తేల్చేసేది అప్పుడే. అది తప్పని నా వాదన. ఆ 41 రోజులూ అతన్ని నిలబెట్టింది మనోబలం ఒక్కటే కాదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేశాడా లేదా అని అడిగే గురుస్వామి ఉన్నాడు, సాయంత్రం భజనకు కూడే తోటి స్వాములున్నారు, దారిలో కనిపించిన ప్రతివాడూ ‘స్వామీ’ అనే పిలుస్తాడు. పాత మందు జట్టు కూడా ఆ రోజుల్లో అతన్ని పిలవదు. మాలతో పాటు ఆ మనుషులంతా ఒక్క రోజులో పక్కకు తప్పుకుంటారు. మర్నాటి సాయంత్రం అతనికి మిగిలేది ఆ పాత జట్టే.

చుట్టూ ఉండే మనుషులే ఔషధం అని గుర్తించిన తాగుబోతు ఒకరు అమెరికాలో ఉండేవారు. న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్ మందు మానేసిన కొద్ది నెలలకు, 1935లో, వ్యాపారం పని మీద ఏక్రన్ నగరానికి వెళ్లారు. ఆ పని చెడింది. హోటల్ లాబీలో ఒక పక్క బార్, మరో పక్క టెలిఫోన్. ఆయన ఫోన్ దగ్గరకెళ్లి, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఈ ఊళ్లో ఉంటే కలపమని చర్చిలకు ఫోన్లు చేశారు. అలా దొరికిన మనిషే డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కూర్చుందామనుకున్న ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అనే సంఘం, అక్కడ పుట్టింది. 1957లో ఢిల్లీకి వచ్చింది. నేడు హైదరాబాద్‌తో సహా మన పట్టణాల్లోనూ మీటింగులు జరుగుతున్నాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

ఉత్త మాటలతో జబ్బు నయమవుతుందా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2020లో వచ్చింది. ఏఏ వైపు పద్ధతిగా నడిపించినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు నూటికి 42 మంది, ఇతర చికిత్సలు పొందినవారిలో 35 మంది. తేడా అద్భుతం కాదు, కానీ పైసా ఖర్చు లేని చోట అది చిన్నదీ కాదు. సగానికి పైగా నిలవలేదన్న నిజాన్ని కూడా దాచనక్కర్లేదు. ఇంకో సంగతి: ఆ అధ్యయనాల్లో రోగిని ‘వెళ్లు’ అని చెప్పి వదిలేయలేదు, చికిత్స చేసేవారే దగ్గరుండి దారి చూపారు. డాక్టర్ గదిలోంచే పాత సభ్యుడికి ఫోన్ చేయించి, మొదటి రోజు ఆయన వెంట పంపితే మనిషి వెళ్లే అవకాశం ఎక్కువ.

అలాగని మీటింగు డాక్టర్‌కు బదులు కాదు. పొద్దున్నే చేతులు వణుకుతూ, గొంతులో మందు పడితే గానీ మంచం దిగలేని మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. దీక్ష పేరుతోనైనా అలా ఆపకూడదు, ముందు ఆస్పత్రికి వెళ్లాలి. 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది ఇళ్లలో ఒట్లతో, తిట్లతో నెట్టుకొస్తున్నారు.

అన్నిటికంటే పెద్ద భయం పరువు. ఊళ్లో తెలిసిపోదా అని. తూలుతూ ఇంటికెళ్లే మనిషి సంగతి వీధికి ఎప్పుడో తెలుసు, మీటింగు గదిలో మాత్రం ఇంటిపేరు అడగరు. కొన్ని కుర్చీలు, టీ. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తానూ ఆల్కహాలిక్‌నని చెప్పి మొదలుపెడతారు, మిగతావారు పేరు పెట్టి పలకరిస్తారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు. మాట్లాడాలని లేకపోతే ఇవాళ వింటానని చెప్పి ఊరుకోవచ్చు. చివర్లో డబ్బుల కోసం సంచి తిరుగుతుంది, వేయకపోయినా ఫరవాలేదు. బయటివారి విరాళాలు తీసుకోరు. చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటి చాలు. దేవుడి ప్రస్తావన చాలామందికి అడ్డొస్తుంది, మానే దారిగా ఏఏ చెప్పే మెట్లలో అది ఉన్నమాట నిజమే. ఎవరికి అర్థమైన దేవుడు వారికేనని ఆ మెట్లే అంటాయి. అదీ కుదరనివారికి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది, అందులో దైవం ఊసు లేదు.

ఆడవాళ్లు ఒకచోట కూడితే ఏమవుతుందో 1992లో సారా దుకాణం మూయించిన నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు చూపించారు. కానీ దుకాణం మూతపడినా, ఇంట్లో తాగే మనిషితో వేగేవారి అలసట తీరదు. బిల్ భార్య లోయిస్ 1951లో ప్రారంభించిన అల్-అనాన్ అలాంటి కుటుంబాల కోసం. భర్త రానన్నా భార్య వెళ్లవచ్చు.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, మత్తు మానడానికి 14446 అనే కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్, మానసిక ఆరోగ్యానికి 14416. దగ్గర్లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అడిగినా మీటింగుల సంగతి చెబుతారు. మొదటి గుంపు నచ్చకపోతే ఇంకోటి చూడాలి, ఒక్కో గుంపు స్వభావం ఒక్కోలా ఉంటుంది. తొంభై రోజుల్లో తొంభై మీటింగులని పాత సభ్యులు చెప్పే మాట మండల దీక్ష చేసినవారికి కొత్తగా అనిపించదు. మాల ఇంకా మెడలో ఉండగానే, ఆఖరి వారంలో ఒక సాయంత్రం వెళ్లి, అక్కడివారి ఫోన్ నంబర్లు రెండు రాసుకుని రావడం మేలు. మాల తీసిన మర్నాడు, పొద్దువాలే వేళకు, ఆ నంబర్లు చేతిలో ఉంటాయి.