పిల్లల తలపై చేయి

శుక్రవారం పొద్దుగూకే వేళకు యూదుల ఇళ్ళలో సబ్బాతు దీపాలు వెలుగుతాయి. మరునాటి రాత్రి వరకు పని, వ్యాపారం బంద్. ఆచారం పాటించే కుటుంబాల్లో తల్లిదండ్రులు బిడ్డల తలపై చేయి ఉంచి దీవించాకే భోజనం.

1991 నుంచి 2013 వరకు బ్రిటన్‌లో ప్రధాన రబ్బీగా, అంటే యూదుల మతగురువుగా, ఉండి 2020లో కన్నుమూసిన జోనాథన్ శాక్స్ ఈ ఆనవాయితీని ఎంతో విలువైనదిగా భావించారు. నాగరికతను కాపాడేది చదువేననీ, బిడ్డలను ప్రశ్నించనివ్వాలనీ చెప్పేవారు. పస్కా పండుగ రాత్రి ఇంట్లోని చిన్నవారు అడుగుతారు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) కాలంలో ఈజిప్టు బానిసత్వం నుంచి తమ పూర్వికులు బయటపడిన వైనం పెద్దలు వినిపిస్తారు.

మతం వేరైనా ఈ మాట మనల్నీ ఆలోచింపజేస్తుంది. బిడ్డలకు ఫీజులు కడుతున్నాం, ఫోన్లు కొనిస్తున్నాం. వారంలో ఒక్క పూటైనా వారి పక్కన కూర్చుంటున్నామా?