ఛాయాచిత్రం సాక్ష్యమయ్యేదెప్పుడు? పి.గన్నవరం పరిసరాల్లో ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక

ఉపోద్ఘాతం:
వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న పి.గన్నవరం ప్రాంతం కొబ్బరితోటలకు, కాలువగట్లకు, లంకభూములకు నెలవు. ఇటువంటి చోట్ల బీడునేలలో జిల్లేడు పెరుగుతుంది. జిల్లేడు ఉన్నచోట ప్లెయిన్ టైగర్ కనిపించడం సహజం. లిన్నేయస్ 1758లో వర్ణించిన ఈ నారింజరంగు సీతాకోకచిలుక శాస్త్రీయనామం డనౌస్ క్రిసిప్పస్. ఇది భారతదేశంలో సర్వసాధారణం. అయినప్పటికీ దీని ఛాయాచిత్రాన్ని పరిశోధనకు ఆధారంగా స్వీకరించే ముందు, చిత్రంలోనిది నిజంగా ఈ జాతియేనా అన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి.

పోలికకు కారణం:
ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు జిల్లేడు ఆకులను తింటుంది. ఆ పాలలోని విషపదార్థాలు కొంతమేరకు రెక్కలు వచ్చిన తర్వాత కూడా దాని దేహంలో నిలుస్తాయి. అందువల్ల పక్షులు దానిని వర్జిస్తాయి. విషరహితమైన డనాయిడ్ ఎగ్‌ఫ్లై జాతిలో ఆడది ఇదే రూపాన్ని అనుకరించి రక్షణ పొందుతుంది. దాని మగది మాత్రం నల్లని రెక్కలపై తెల్లని మచ్చలతో పూర్తిగా భిన్నంగా ఉంటుంది. ఇటువంటి అనుకరణను హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో వివరించాడు. డనాయిడ్ ఎగ్‌ఫ్లై 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు షెడ్యూళ్లలో చేరిన జాతి. కాబట్టి గుర్తింపులో పొరపాటు జరిగితే రక్షిత జాతి ఉనికి మరుగున పడవచ్చు, లేదా లేనిచోట ఉన్నట్లు నమోదు కావచ్చు.

చిత్రీకరణ విధానం:
భేదం వెనుకరెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్ వెనుకరెక్క మధ్యభాగంలో ఆడదానికి మూడు, మగదానికి నాలుగు నల్లచుక్కలు ఉంటాయి. నాలుగవది మగదాని సువాసన సంచి. ఎగ్‌ఫ్లై ఆడదానికి వెనుకరెక్క పై అంచు చేరువలో ఒకే చుక్క ఉంటుంది. ముందురెక్క దానిని తరచుగా కప్పివేస్తుంది. అందుచేత రెక్కలు విప్పినప్పటి చిత్రంతోపాటు, ముడిచినప్పుడు పక్కనుంచి తీసిన చిత్రం కూడా అవసరం.

ఉదయపుటెండలో రెక్కలు చాచి వెచ్చబడే వేళ చిత్రీకరణకు అనుకూలం. నీడ దానిపై పడకుండా, మొక్క ఎత్తుకు వంగి, నెమ్మదిగా సమీపించాలి. షట్టర్ వేగం సెకనులో 500వ వంతు లేదా అంతకన్నా తక్కువ వ్యవధి అయితే రెక్కల కదలిక వల్ల చిత్రం చెదిరే అవకాశం తగ్గుతుంది. పట్టి బంధించవలసిన పని లేదు.

ముగింపు:
తేదీ, సమయం, స్థలం, వాలిన మొక్క పేరు జతచేసినప్పుడే చిత్రం నమోదుగా పనికివస్తుంది. చుక్కలు గానీ ఇతర లక్షణాలు గానీ స్పష్టపడని చిత్రాన్ని సర్వసాధారణ జాతి ఖాతాలో వేయక, జాతి నిర్ధారణ కానిదిగా నమోదు చేయడమే శాస్త్రీయం.