ఎగరని మహాయంత్రం

ఆలూరు వంటి మెట్టప్రాంతాలలో బావినీరు తోడుటకు 5 అశ్వశక్తుల ఇంజను చాలును. అట్టి వేయి ఇంజన్ల శక్తిని ఒకే యంత్రంలో ఇమిడ్చే ప్రయత్నం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జరిగింది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో విలియమ్స్‌పోర్ట్ అనే పట్టణముంది. అచటి లైకమింగ్ సంస్థ, ఖండాంతరాలకు ఎగరగల భారీ బాంబరు విమానాల కొరకు ఎక్స్‌ఆర్-7755 అనే పిస్టన్ ఇంజనును నిర్మించింది. తొమ్మిదేసి సిలిండర్ల చొప్పున నాలుగు వరుసలు, మొత్తం 36. సిలిండర్ల ఘనపరిమాణం సుమారు 127 లీటర్లు. బరువు 2,700 కిలోగ్రాములకు పైమాటే. ఇన్ని వరుసలున్నచో వెనుకనున్న సిలిండర్లకు చల్లనిగాలి చాలినంతగా అందదు. అందుచేత ద్రవంతో చల్లబరచే పద్ధతిని అవలంబించారు. నేల విడిచేటప్పుడు అధికశక్తి, దూరప్రయాణంలో ఇంధనపు పొదుపు లభించేలా కవాటాల పనితీరును మార్చే ఏర్పాటు కూడా చేశారు.

అయినను ఆ యంత్రం పరీక్షాశాల దాటి ఆకాశానికి చేరలేదు. ఏల? పిస్టన్ ముందుకు వెనుకకు కదులుతుంది. ఆ కదలికను భ్రమణంగా మార్చాలి. శక్తి పెంచదలచి సిలిండర్లను పెంచినకొద్దీ బరువు, విడిభాగాలు, మరమ్మతులు పెరుగుతాయి. జెట్ ఇంజనులోని టర్బైన్‌కు భ్రమణమే సహజగతి. 1944లోనే జర్మనీ, బ్రిటన్ దేశాల జెట్ విమానాలు యుద్ధరంగంలో ప్రవేశించాయి. 1946లో ఈ ప్రయత్నం ఆగిపోయింది. మిగిలిన ఒక్క ఇంజను స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో భద్రంగా ఉంది.

అదే సంస్థ చేసిన చిన్న పిస్టన్ ఇంజన్లు మాత్రం నేటికీ శిక్షణ విమానాలను నడుపుతున్నాయి. ఒక మార్గం ఎంతవరకు పోగలదో పరీక్షించి తెలుసుకొనుట కూడా విజ్ఞానమే. ఆ పరీక్షకు ఎందరో ఇంజనీర్లు తమ సంవత్సరాల శ్రమను వెచ్చించారు.