వ్యాధి వెడలినను విడువని బాధ

నూజివీటి మామిడిసీమకు చేరువనున్న ఉంగుటూరు ప్రాంతపు రైతులకు ఈ సంగతి క్రొత్తగా జెప్పనక్కఱలేదు. గాలివాన వెలిసినంతమాత్రమున తోటకు గలిగిన నష్టము తీఱదు. రాలినకాయ ఆనాడే కనబడును. విఱిగినకొమ్మ ఫలితము మఱుసటి పూతకు గాని తెలియదు. 2020, 2021 సంవత్సరములలో దేశమును గలచివైచిన కరోనానుగూర్చి, అందును క్యాన్సరు రోగులనుగూర్చి, మేము చెప్పదలచినది యిదియే.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ కరోనా అత్యవసరపరిస్థితి ముగిసినదని ప్రకటించెను. దానితో రోగి దేహమునందలి బాధయు ముగిసినదని తలచుట పొరపాటు. జ్వరము తగ్గిన పిదప నెలలకొలది నిలుచు ఆయాసము, దగ్గు, నిస్సత్తువ, మఱపులను వైద్యులు దీర్ఘకోవిడ్ అనుచున్నారు.

ఐరోపాయందలి 35 వైద్యసంస్థలు కలిసి ఆన్‌కోవిడ్ అను పేర జరిపిన పరిశీలన 2021లో వెలువడెను. కోలుకొని మరల పరీక్షింపబడిన 1,557 మంది క్యాన్సరు రోగులలో నూటికి 15 మందికి ఏదో యొక బాధ మిగిలియుండెను. వారిలో సగముమందికి శ్వాసబాధ. నూటికి 41 మందికి తీఱని అలసట. ఇట్టివారికి ప్రాణాపాయము తక్కినవారికంటె హెచ్చుగ నుండెను. టీకాలు వ్యాపించిన పిమ్మట, ఒమిక్రాన్ దినములలో, ఈ సంఖ్య నూటికి సుమా రాఱింటికి తగ్గుట ధైర్యము గొల్పు విషయము.

అయినను అసలు చిక్కు వేఱొకటి కలదు. ఆయాసము కరోనా శేషము కావచ్చును. కీమో చికిత్సవలని రక్తహీనత కావచ్చును. ఊపిరితిత్తులకు ప్రాకిన క్యాన్సరే కావచ్చును. పైకి మూడును ఒక్కటే. “కరోనా నీరసమే, అదే పోవును” అని యూరకుండినచో లోపల వ్యాధి ముదురును. “క్యాన్సరు తిరుగబెట్టినది, ఇక వైద్యమెందుకు” అని నిరాశ జెందినచో నయముకాదగిన రోగియు చికిత్స మానుకొనును. రక్తపు క్యాన్సరు గలవారిలో రక్షణశక్తి తగ్గియుండుటచే వైరస్సే వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, శరీరమున నిలిచియుండును.

ఆలస్యమెంత సులభముగ సంభవించునో మనదేశము చూచియే యున్నది. 2020 మార్చి మొదలు మే వఱకు 41 క్యాన్సరు ఆసుపత్రులలో చేరిన క్రొత్తరోగులు 51,760 మంది. అంతకుముందటి యేట అవే మాసములలో 1,12,270 మంది. రానివారికి వ్యాధి లేకపోలేదు, వైద్యమే లేకపోయెను.

కావున మా విన్నపమిది. ఇంట క్యాన్సరు రోగి యున్నయెడల, కరోనా సోకిన తేదీ, అప్పుడు వాడిన మందులు, టీకాల వివరములు ఒక కాగితముపై వ్రాసి క్యాన్సరు వైద్యునకు జూపుడు. మిగిలిన బాధ నొక్కటియు దాపకుడు. రక్తపరీక్షయు, ఊపిరితిత్తుల పరీక్షయు అవసరమేమో యడుగుడు. వైద్యుడు చెప్పక చికిత్స నాపకుడు. ఎవరో యిచ్చిన స్టెరాయిడు మాత్రలు మ్రింగనీయకుడు. “కాయకోత ముగియనిండు, అటుపిమ్మట బెజవాడ పోదము” అనకుడు. కోత నాలుగునాళ్లు ఆగినను నష్టము కొలది. మనిషి విషయమున ఆ నాలుగునాళ్లు తిరిగి రావు.