ఊలు బంతి గుట్టు కత్తెరలో ఉంది

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో గుటాఖ్, కిర్న్‌బాఖ్, రైషెన్‌బాఖ్ అని మూడు పల్లెలున్నాయి. అక్కడి ఆడవాళ్ల సంప్రదాయ టోపీ పేరు బొల్లెన్‌హూట్. తెల్లటి గడ్డి టోపీ మీద 14 ఊలు బంతులు కుడతారు. పైకి కనిపించేవి 11, మిగతా మూడూ వాటి కింద దాక్కుంటాయి. బంతులు ఎర్రగా ఉంటే పెళ్లికాని పిల్ల, నల్లగా ఉంటే పెళ్లయిన ఇల్లాలు. బరువు రెండు కిలోల దాకా తూగుతుందట. నెత్తిన బిందె మోసిన అలవాటుంటే తప్ప మెడ నిలవడం కష్టమే!

ఫ్రెంచి నావికుల టోపీ నడినెత్తిన ఉండే ఎర్ర బంతీ ఈ కుటుంబానిదే. దాన్ని తాకితే అదృష్టమని అక్కడివాళ్ల నమ్మకం. మన లంబాడీ ఆడపడుచుల దుస్తుల్లో అద్దాలు, గవ్వల పక్కన వేలాడే ఊలు కుచ్చులను దగ్గరి చుట్టాలనుకోవచ్చు.

ఇలాంటి ఊలు బంతి చెయ్యడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పాత పెళ్లిపత్రిక అట్ట చాలు. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున రెండు గుండ్రటి బిళ్లలు కోసి, నడుమ మూడు సెంటీమీటర్ల చిల్లు పెట్టాలి. రెండూ కలిపి పట్టుకుని, ఊలును చిల్లులోంచి దూర్చుతూ చుట్టూ చుట్టుకుంటూ పోవాలి. కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. అట్ట కనిపించకుండా పోగానే చాలనుకుని ఆపేస్తారు. చిల్లు దాదాపు మూసుకుపోయేదాకా చుట్టకపోతే బంతి రాదు, బోసిగా నాలుగు పోగులు వేలాడతాయి.

తర్వాత రెండు అట్టల మధ్య కత్తెర మొన దూర్చి అంచు వెంబడి కత్తిరించాలి. పోగులు చెదరకముందే అట్టల నడుమ దారం బిగించి కట్టాలి. ఇక్కడ ఊలు పనికిరాదు, లాగితే పుటుక్కున తెగుతుంది. గట్టి నూలుదారం తీసుకుని, మొదటి ముడిలో కొసను రెండుసార్లు మెలిపెడితే రెండో ముడి వేసేలోపు జారదు. అట్టలు తీసేస్తే చేతిలో మిగిలేది గుండ్రటి బంతి కాదు, అప్పుడే నిద్రలేచిన పిల్లాడి తల!

అసలు పని అప్పుడే మొదలవుతుంది. బంతిని తిప్పుతూ ఎత్తుగా ఉన్నచోటల్లా కొంచెం కొంచెం కత్తిరించాలి. ఒడినిండా ఊలు రాలుతుంది. ‘అయ్యో, చిన్నదైపోతోందే’ అని చెయ్యి వెనక్కి తీస్తే వంకరబంతే మిగులుతుంది. కత్తిరించేకొద్దీ అది చిక్కనవుతుంది, మఖ్మల్‌లా చేతికి తగులుతుంది.

అసలు గొర్రెబొచ్చు ఊలైతే కాస్త ఆవిరి పట్టిస్తే పోగులు పొంగుతాయి. అక్రిలిక్ దారానికి మాత్రం ఆవిరి చూపించకూడదు, వేడికి వాలిపోతుంది. కొనేముందు చీటీ చదవడం మేలు.

ముడి వేశాక మిగిలిన దారపు కొసలను కత్తిరించకండి, బంతిని టోపీకి కట్టేది వాటితోనే. పసిపిల్లల టోపీకైతే ఆ కొసలను లోపలికి లాగి రెండు మూడు ముళ్లు వేసి, బంతిని ఒకసారి గట్టిగా గుంజి చూడండి. వదులైతే ఊడి వాళ్ల నోట్లోకి పోతుంది.