తెల్లతోక జింకలకు వసంతకాలపు మేతమడులు: పంటల ఎంపిక, విత్తే విధానం

వ్యాససంగ్రహం:
అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తెల్లతోక జింకల కోసం వసంతంలో మేతమడులు వేయడం విస్తృతంగా కనిపించే ఆచారం. ఈ మడులకు పంటలను ఎంచుకొనే పద్ధతిని, నేల తయారీని, విత్తే విధానాన్ని ఈ వ్యాసం ప్రధానంగా దక్షిణ రాష్ట్రాలను ఆధారం చేసుకొని వివరిస్తుంది. మడి ఫలించడానికి విత్తనం శ్రేష్ఠత కంటే ఆ ప్రాంతంలో మేసే జింకల సంఖ్య ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తెల్లతోక జింక, మేతమడి, అలసంద, అనుములు, జనుము, సున్నం, మేత ఒత్తిడి.

1. ఉపోద్ఘాతం:

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నాటికి అమెరికాలో తెల్లతోక జింకల సంఖ్య కొన్ని లక్షలకు పడిపోయింది. అంగడి కోసం సాగిన వేట, అడవుల నరికివేత అందుకు ప్రధాన కారణాలు. వేటాడిన వన్యప్రాణులను చట్టవిరుద్ధంగా రాష్ట్రాల మధ్య తరలించడాన్ని 1900లో లేసీ చట్టం నిషేధించింది. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీది పన్నును వన్యప్రాణి పునరుద్ధరణకు మళ్లించింది. ఇటువంటి చర్యల ఫలితంగా ఇప్పుడు జింకల సంఖ్య సుమారు 3 కోట్లని అంచనా. క్షీణతను నివారించడం ఒకనాటి సమస్య కాగా, అనేక ప్రాంతాలలో సంఖ్యను అదుపులో ఉంచడమే నేటి సమస్య.

ఆల్డో లియోపోల్డ్ 1933లో ప్రచురించిన ‘గేమ్ మేనేజ్‌మెంట్’ వన్యప్రాణుల నిర్వహణను ఒక శాస్త్రంగా నిలబెట్టింది. టెక్సాస్‌కు చెందిన ఆల్ బ్రదర్స్, మర్ఫీ రే 1975లో వెలువరించిన గ్రంథం జింకల సంఖ్యకూ ఆవాసంలోని మేతకూ పొందిక ఉండాలన్న భావనను భూయజమానులలోకి తీసుకువెళ్లింది. మేతమడులు వ్యాపించిన నేపథ్యం ఇదే. అయితే ఆ పొందికలో సంఖ్య అనే భాగాన్ని మరచి, విత్తనాల సంచిని మాత్రమే పట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

2. వసంతపు మడి ఉద్దేశం:

ఆకురాలు కాలంలో వేసే మడి ఎక్కువగా వేటను దృష్టిలో ఉంచుకొని వేసేది. వసంతపు మడి ఉద్దేశం పోషణ. ఆడజింక గర్భధారణ కాలం సుమారు 200 రోజులు. ఉత్తర రాష్ట్రాలలో పిల్లలు ఎక్కువగా మే చివర, జూన్ మాసాలలో పుడతాయి. దక్షిణాన పలుచోట్ల ఇది జూలై, ఆగస్టుల వరకూ సాగుతుంది. పిల్లకు పాలిచ్చే తొలి వారాలలో తల్లి ఆహారావసరం ఏడాదిలోకెల్లా అత్యధికం. ఇదే కాలంలో మగజింకకు కొమ్ములు పెరుగుతాయి. జింక కొమ్ము ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. నూగుచర్మం కప్పిన ఎదిగే కొమ్ములో అధికభాగం మాంసకృత్తులే. ఖనిజాలు తరువాత చేరి దానిని గట్టిపరుస్తాయి.

వసంతారంభంలో అడవిలో లేతచిగురుకు లోటుండదు. వేసవి ముదిరేకొద్దీ ఆకులో నార పెరిగి, మాంసకృత్తులు తగ్గుతాయి. ఏప్రిల్, మే మాసాలలో విత్తిన మడి జూలై, ఆగస్టుల ఈ లోటును పూడ్చాలి. మడి పచ్చగా కనిపించడం కాదు, ఏ నెలలో పచ్చగా ఉంటుందన్నదే పంట ఎంపికలో మొదటి ప్రశ్న.

3. పంటల ఎంపిక:

తెల్లతోక జింక నెమరువేసే జంతువే అయినా పశువులా గడ్డి మేసేది కాదు. దాని మొదటి పొట్ట దేహపరిమాణంతో పోలిస్తే చిన్నది. అందువల్ల త్వరగా జీర్ణమయ్యే లేత ఆకును, చిగురును, పూలను, కాయలను ఏరుకొని తింటుంది. ముదురు గడ్డి నిండిన బీడు మనిషి కంటికి పచ్చిక. జింకకు దాదాపు ఖాళీ నేల. ఈ కారణం చేతనే వసంతపు మడులలో కాయజాతి పంటలకు అగ్రస్థానం దక్కింది.

దక్షిణ రాష్ట్రాల మడులలో కనిపించే పంటలలో పలుపేర్లు తెలుగు రైతుకు చిరపరిచితాలు. అలసంద వాటిలో మొదటిది. ‘ఐరన్ అండ్ క్లే’ అనే రకం ఎండకు తట్టుకొని, తీగసాగి, ఆలస్యంగా పూతకు వస్తుంది. గింజ కోరే రైతుకు ఆలస్యం లోపం. ఆకు కోరే మడికి అదే గుణం. రెండవది అనుములు. రాయలసీమ ఇళ్లలో పితికిపప్పుగా వండుకొనే ఈ గింజ జాతిలోనే మేతకు ఉపయోగపడే తీగరకాలు ఉన్నాయి. వేరు నిలదొక్కుకున్నాక వర్షాభావానికి ఓర్చుకోవడం, కొరికిన తరువాత మళ్లీ చిగురించడం వీటి ప్రత్యేకత. తెలుగునాట పచ్చిరొట్టగా, నార కోసం పెంచే జనుమును కూడా ఇటీవల మడులలో కలుపుతున్నారు. దాని ఆకును జింకలు తింటాయి. కాండం త్వరగా నారెక్కుతుంది కాబట్టి మొక్క ఎత్తు చూసి మేత పరిమాణాన్ని అంచనా వేయడం పొరపాటు.

సోయాచిక్కుడు వీటన్నిటిలోనూ జింకలకు అత్యంత ప్రియమైన వాటిలో ఒకటి. చిన్నమడికి ఆ ప్రీతియే శాపమవుతుంది.

జొన్నను మేతగా కంటే ఆసరాగా ఎక్కువ వాడతారు. జింకలు దాని ఆకును అంతగా ఇష్టపడవు. అనుములు, అలసంద తీగలు దాని కాండం మీదికి పాకి కొంతభాగం తొలిరోజుల మేత నుండి తప్పించుకుంటాయి. అంతరపంటల సేద్యం ఎరిగినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

ఉత్తర రాష్ట్రాల పరిస్థితి వేరు. అక్కడ తెల్లక్లోవర్ వంటి బహువార్షికాలు ప్రధానం. చలికాలం చివర రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నేల చిన్నచిన్న పగుళ్లు విచ్చుతుంది. ఆ సమయంలో క్లోవర్ విత్తనాన్ని పైపైన చల్లితే పగుళ్లలోకి దానంతటదే దిగుతుంది, దున్నే పని ఉండదు. దానితో చికోరిని కలపడం కద్దు. కాఫీపొడిలో వేరు రూపంలో పరిచితమైన ఈ మొక్క ఆకు జింకలకు మేత. లోతైన వేరు వల్ల క్లోవర్ వాడే ఎండలలోనూ కొంత పచ్చగా ఉంటుంది. దక్షిణాన మాత్రం క్లోవర్‌ను ఆకురాలు కాలంలో విత్తడమే మేలు. వసంతంలో విత్తితే వేరు దిగకముందే వేసవి వచ్చిపడుతుంది.

4. నేల తయారీ, విత్తు:

ఆగ్నేయ రాష్ట్రాల ఎర్రనేలలు సహజంగా ఆమ్లగుణం కలవి. మేతమడికి ఎక్కువగా అడవి అంచునో, పంటకు పనికిరాదని వదిలిన నేలనో కేటాయిస్తారు కాబట్టి ఈ దోషం మరింత ప్రబలంగా ఉంటుంది. ఆమ్లనేలలో భాస్వరం మొక్కకు అందదు, వేరుబుడిపెలు సరిగా ఏర్పడవు. పి.హెచ్. 6.0 నుండి 7.0 మధ్య ఉండేలా మట్టి పరీక్ష ప్రకారం వ్యవసాయ సున్నం వేయాలి. సున్నం నెమ్మదిగా పనిచేస్తుంది. విత్తడానికి కొన్ని నెలల ముందే చల్లి నేలలో కలియదున్నాలి. ఎరువు ధర చూసి సున్నాన్ని మానేసినవారు ఆ ఎరువులో కొంతభాగాన్ని వృథా చేసుకున్నట్లే.

కాయజాతి విత్తనానికి తగిన రైజోబియం జాతి సూక్ష్మజీవులను పట్టించడం తప్పనిసరి. అలసంద, అనుములకు ఒకే వర్గం సరిపోతుంది. సోయాచిక్కుడుకు వేరొకటి కావాలి. ఆ పొడిని ఎండకు, వేడికి గురికాకుండా నీడలో ఉంచి విత్తే రోజే కలపాలి.

తేదీని చూసి కాక నేల వేడిని చూసి విత్తాలి. మంచుపొర భయం పూర్తిగా తొలగి, నేల ఉష్ణోగ్రత సుమారు 18 డిగ్రీల సెల్సియస్‌కు చేరి నిలకడగా ఉన్నప్పుడు ఈ వేసవి పంటలు చక్కగా మొలుస్తాయి. చల్లని తడినేలలో విత్తనం కుళ్లుతుంది. అలసంద విత్తనాన్ని గొర్రుతో ఎకరానికి 20 నుండి 25 కిలోలు, సుమారు 2.5 సెంటీమీటర్ల లోతున వేస్తారు. వెదజల్లితే మోతాదు పెంచాలి. క్లోవర్ విత్తనం చాలా సన్నం. దానిని అలసంద లోతున పూడ్చితే మొలక పైకి రాదు.

కలుపు విషయంలో ఒక చిక్కు ఉంది. గడ్డిజాతి కలుపును మాత్రమే చంపే మందులు కాయజాతి మడులకు ఉన్నాయి. కాని దక్షిణ రాష్ట్రాలను వేధించే సికిల్‌పాడ్, తెలుగునాటి తగిరిసకు అతి సమీప బంధువు, తానే కాయజాతి మొక్క. పంటకు హాని లేకుండా దానిని తొలగించడం కష్టం. ఆ విత్తనం నిండిన నేలను మడికి ఎంచుకోకపోవడమే ఉత్తమ పరిష్కారం.

5. మేత ఒత్తిడి:

పైవన్నీ సక్రమంగా చేసిన మడి కూడా నెలలోపు మోడుబారడం తరచుగా జరిగేదే. విత్తనం నాసిరకమనో, వాన చాలలేదనో కారణం చెప్పుకొంటారు. అసలు కారణం లెక్కలో ఉంటుంది. 50 కిలోల జింక రోజుకు ఎండుబరువులో సుమారు ఒకటిన్నర కిలోల మేత తింటుందనుకుంటే, 20 జింకలకు నెలకు 900 కిలోలు కావాలి. అందులో సగమే మడి నుండి తీసుకున్నా 450 కిలోలు. మూడు వారాల మొలకలున్న ఒక ఎకరం ఆ భారాన్ని మోయలేదు.

మొక్క నిర్మాణం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. అలసంద, సోయాచిక్కుడు మొలిచేటప్పుడు బీజదళాలతో పాటు ఎదుగుమొగ్గ కూడా నేలపైకి వస్తుంది. బీజదళాలకు దిగువన కొరికితే ఆ మొక్క ఇక లేవదు. జొన్న ఎదుగుమొగ్గ తొలివారాలలో నేలలోపలే ఉంటుంది. కొరికినా మళ్లీ ఆకు వేస్తుంది. కనుక కాయజాతి మడికి మొదటి నాలుగైదు వారాలే ప్రాణసంకటం. ఆ వారాలు దాటించడానికి తాత్కాలిక విద్యుత్ కంచె వేయడం ఒక మార్గం. మడిని కొన్ని ఎకరాలకు పెంచడం మరొకటి. రెండూ సాధ్యం కానిచోట సోయాచిక్కుడు, అలసంద ఆశ వదలి, మేతను ఓర్చుకొనే క్లోవర్‌ను ఆకురాలు కాలంలో వేసుకోవడం వివేకం.

ఒత్తిడిని కొలవడానికి అతి చవకైన సాధనం తీగబోను. సుమారు మీటరు వ్యాసం, ఛాతీ ఎత్తు గల తీగవల చుట్టను విత్తిన వెంటనే మడి మధ్య పాతాలి. బోను లోపల మోకాలెత్తు, బయట మోళ్లు ఉంటే విత్తనంలో, నేలలో లోపం లేదని అర్థం. లోపలా బయటా ఒకేలా గిడసబారితే దోషం నేలది. బోను లేని మడిలో ఈ రెండింటినీ వేరుచేసి చెప్పడం అసాధ్యం. మరుసటి ఏడు అదే పొరపాటు ఖరీదైన విత్తనంతో పునరావృతమవుతుంది.

బోను బయట అంతా మోళ్లే అయితే మడి విస్తరణ తాత్కాలిక ఉపశమనం మాత్రమే. చట్టం అనుమతించిన పరిధిలో ఆడజింకల వేటను పెంచడం, కలప అడవిని పలుచబరచి నియంత్రితంగా నిప్పుపెట్టి సహజమైన చిగురును రాబట్టడం అక్కడ అవసరమవుతాయి. భూమిలో కొద్దిశాతం మాత్రమే ఉండే మడి మిగతా అడవి చేయవలసిన పనిని చేయలేదు.

6. వ్యాధి సమస్య:

1967లో కొలరాడోలోని ఒక పరిశోధనా కేంద్రంలో బంధించి ఉంచిన మ్యూల్ జింకలలో తొలిసారి గుర్తించిన దీర్ఘకాలిక శుష్కవ్యాధి నేడు అనేక రాష్ట్రాలకు పాకింది. ప్రయాన్ అనే వికృత మాంసకృత్తు దీనికి కారణం. అది లాలాజలం, మూత్రం ద్వారా వెలువడి నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ భయం వల్లనే పలు రాష్ట్రాలు మొక్కజొన్న గింజలను కుప్పపోసి జింకలను ఆకర్షించడాన్ని నిషేధించాయి. కుప్ప వద్ద మూతులన్నీ ఒకచోట కలుస్తాయి. మడిలో మేత పరచుకొని ఉంటుంది. ఈ భేదం వాస్తవమే. అయితే తిండి లేని అడవి మధ్య అరఎకరం మడి వేస్తే చుట్టుపక్కల జింకలన్నీ అక్కడికే చేరతాయి. ఆ మేరకు ఈ భేదం పలుచబడుతుంది.

7. తెలుగు ప్రాంతాలకు అన్వయం:

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకల వేటను నిషేధించింది. కాబట్టి ఆడజింకల సంఖ్యను వేటతో సరిదిద్దే మార్గం ఇక్కడ లేదు. నల్లమల, కవ్వాల్ అడవులలోని చుక్కల జింక ప్రధానంగా గడ్డి మేసే జంతువు. ఎండాకాలంలో ఆకు, రాలిన పూలు, కాయలు తింటుంది. తెల్లతోక జింక కోసం రూపొందిన అలసంద, అనుముల మిశ్రమం దానికి తగిన నమూనా కాదు. పైగా అడవి అంచున కాయజాతి పంటను రుచి చూపడం, పక్కనున్న రైతు చేలకు దారి చూపడమే అవుతుంది. ఇక్కడి అడవులలో స్థానిక గడ్డిజాతులతో పచ్చిక పెంచేచోట మాత్రం తీగబోను పద్ధతి యథాతథంగా ఉపయోగపడుతుంది. అమెరికాలో మాదిరిగానే గడ్డి తగ్గింది మేత వల్లనా, నేల లోపం వల్లనా అన్నది దానివల్ల ఒక వర్షాకాలంలోనే తెలుస్తుంది.